బండి కొనేముందు మన సరుకును తూకం వేద్దాము



ఈ మధ్య మన కడంబత్తూరు, తిరువళ్ళూరు, తిరుత్తణి పక్క ఏ ఇంటికి పోయినా ఒకటే మాట వినబడతా ఉంది. నాయనకు మిల్లు నుంచి పి.ఎఫ్., గ్రాట్యుటీ వచ్చింది, దాంట్లో కొంత కట్టి పిల్లవాడికి ఒక చిన్న లోడు బండి తీసిస్తే వాడి బతుకు వాడు చూసుకుంటాడు అని. మాట మంచిదే. ఒకరి కింద చెయ్యి చాచకుండా బతకాలనుకునే పిల్లవాణ్ణి ఎవరు వద్దంటారు?

అయితే ఒక్కటి మరవకూడదు. ఆ డబ్బు మనకు ఒక్కసారే వస్తుంది. తరవాత వచ్చేది పెన్షను. అది ఎంతో మన అందరికీ తెలుసు. 1995 పెన్షను స్కీములో కనీస పెన్షను 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. అంత పెన్షనులో మళ్ళీ ఒక లక్ష కూడబెట్టడం అయ్యే పని కాదు. అందుకే బండి మాట వచ్చినప్పుడు రంగు, ముఖం, సినిమా హీరో ప్రకటన కాకుండా ఏం చూడాలో రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. దూది బేళ్ళు, నూలు మూటలు ఎత్తించి దించిన అనుభవం మాత్రం ముప్పై ఏండ్లు ఉంది. బరువు గురించి, లోడు గురించి ఆ అనుభవమే మాట్లాడుతుంది.

మన లైన్లో ఈ బండ్లు ఎందుకు పెరిగినాయి

మన రైలు లైను చాలా పాతది. 1856లో రాయపురం నుంచి వాలాజా దాకా వేసిన దక్షిణాది మొదటి ప్రయాణికుల లైను ఇదే. మన పెద్దలు ఈ లైన్లోనే పెరంబూరు బి అండ్ సి మిల్లుకు షిఫ్టులకు పోయి వచ్చినారు. 1996లో ఆ మిల్లు మూతపడింది. తరవాత ఒక్కొక్క మిల్లూ తగ్గతా వచ్చింది. ఇప్పుడు పని ఒక పెద్ద గేటు లోపల లేదు, చిన్న చిన్న చోట్లకు చెదిరిపోయింది. పొదటూరుపేట, అమ్మయార్ కుప్పం, పళ్ళిపట్టు పక్క ఇంటింటికీ పవర్‌లూమ్‌లు. ఆంధ్రా వైపు నగరి, పుత్తూరులో కూడా అంతే. నూలు మూట వీధిలోకి రావాలి, నేసిన బట్ట వీధిలో నుంచే పోవాలి. పెద్ద లారీ ఆ సందుల్లో తిరగదు.

ఇంకో పక్క శ్రీపెరంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీలు. మన దగ్గరే మప్పేడులో పెద్ద సరుకు రవాణా పార్కుకు 2022 మే నెలలో పునాదిరాయి వేసినారు. అది నడిస్తే పెద్ద లారీలు అక్కడ దించుతాయి, అక్కడ నుంచి అంగళ్ళకు, ఇండ్లకు చిన్న బండ్లే పోవాలి. కాబట్టి చిన్న బండికి పని ఉండాది. అయితే పని ఉన్న చోటు వేరు, ఆ పనికి తగ్గ బండి వేరు.

కుట్టి యానై కథ

2005 మే నెలలో టాటా వాళ్ళు ఏస్ అనే బండి విడిచినారు. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, 16 గుర్రాల బలం, ముప్పాతిక టన్ను లోడు. అంతవరకు మూడు చక్రాల ఆటోలో లోడు తోలేవాడికి నాలుగు చక్రాలు దొరికినాయి. ఉత్తరాదిన చోటా హాతీ అన్నారు, అరవంలో కుట్టి యానై అన్నారు. మనమూ ఆ పేరే వాడతాము. ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే ఇప్పుడు ఏ కంపెనీ చిన్న బండిని చూసినా కుట్టి యానై అనే అంటాము.

తరవాత ఒక్కొక్కరే వచ్చినారు. 2011లో అశోక్ లేలాండ్ వాళ్ళ దోస్త్ వచ్చింది. అది మన హోసూరులో తయారయ్యే బండి, టన్నుంపావు లోడు. 2015లో మహీంద్రా జీతో, సుప్రో వచ్చినాయి. 2016లో మారుతి సూపర్ క్యారీ వచ్చింది. ఇవన్నీ వెనక తొట్టి తెరిచి ఉండేవి. మూసిన బండి కావాలంటే మారుతి ఈకో కార్గో. ముందు ఆమ్నీ ఉండేది, 2019లో దాని తయారీ ఆపేసినారు. 2025 జూన్‌లో టాటా వాళ్ళు ఏస్ ప్రో అని ఇంకా చిన్న ధరలో ఒకటి తెచ్చినారు, అప్పుడు షోరూం ధర 3.99 లక్షల నుంచి మొదలైంది. అదే ఏడు సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అందువల్ల పాత ధరలు చెప్పేవాళ్ళ మాట నమ్మకండి, కొత్త కొటేషను అడగండి. షోరూం ధర ఒకటి, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, ట్యాక్సు కలిపి రోడ్డు మీదికి వచ్చే ధర ఒకటి. మనం కట్టేది రెండోది.

మొదట బరువు, తరవాత బొద్దు

ఏ బండి మంచిది అని అడిగేవాళ్ళను నేను తిరిగి అడిగేది ఒకటే: "నువ్వు ఏం తోలతావు నాయనా?" చాలామంది, "ఏది దొరికితే అది తోలతా మామా" అంటారు. అక్కడే చిక్కు.

సరుకు రెండు రకాలు. ఒకటి బరువు సరుకు. ఇంకోటి బొద్దు సరుకు. మిల్లులో పని చేసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఒక దూది బేలు 170 కిలోలు. నాలుగు బేళ్ళు ఎత్తితే 680 కిలోలు. తొట్టిలో చూస్తే ఇంకా చోటు ఉన్నట్టే ఉంటుంది, బండి బరువు మాత్రం నిండిపోయింది. అదే వేస్టు దూది వదులు మూటలు ఎత్తితే తొట్టి నిండి పైకి పొంగుతుంది, కాటా మీద పెడితే రెండు వందల కిలోలు కూడా ఉండదు. మొదటిదానికి బలమైన పట్టీలు, ఇంజను కావాలి. రెండోదానికి పొడవైన తొట్టి, ఎత్తైన కటకటాలు చాలు.

ఇటుకల సంగతి చూడండి. ఒక ఇటుక మూడు కిలోలు అనుకుంటే 250 ఇటుకలకే 750 కిలోలు అయిపోతుంది. తొట్టి అడుగున రెండు వరసలు పరిచినట్టు ఉంటుంది, అంతే. "ఇంకో నూరు వెయ్యి అన్నా, ఏమీ కాదు" అంటారు. ఆ నూరు ఇటుకలంటే మూడు వందల కిలోలు. ముప్పాతిక టన్ను బండికి అది సగానికి దగ్గర. పట్టీ విరిగేది, టైరు పగిలేది, బ్రేకు పట్టకుండా పోయేది అందుకే. పట్టుబడితే చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, దాని మీద ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఒక నెల సంపాదన ఒక్క చీటీలో పోతుంది.

కంపెనీ పేపర్లో రాసిన లోడు అంతా మన సరుకు కాదు. ఆర్.సి. పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, ఇంకోటి మొత్తం బరువు. రెండోదాంట్లో నుంచి మొదటిది తీసేస్తే వచ్చేదాంట్లోనే డ్రైవరు, పక్కన కూర్చునే మనిషి, పట్ట, తాళ్ళు, స్టెప్నీ వద్ద వేసుకున్న సామాను అన్నీ లెక్క. ఆ తేడా 800 కిలోలు అనుకోండి. ఇద్దరు మనుషులు 130, సామాను 20 పోతే సరుకుకు మిగిలేది 650. యాభై కిలోల నూలు మూటలు పదమూడు. పద్నాలుగోది ఎత్తకూడదు.

అందువల్ల బండి చూడడానికి పోకముందు ఒక నెల రోజులు నోటు పుస్తకంలో రాసుకోండి. ఏ సరుకు, ఎన్ని కిలోలు, ఎంత పొడవు, ఎక్కడ నుంచి ఎక్కడికి. మీరు తోలబోయే సేటు దగ్గరో, మగ్గాల ఓనరు దగ్గరో అడిగితే చెప్తారు. దాంట్లో నూటికి తొంబై సార్లు వచ్చే లోడుకు తగ్గ బండి తీసుకోండి. పది సార్లు వచ్చే పెద్ద లోడుకు బాడుగ బండి పెట్టుకోవచ్చు. ఆ పది సార్ల కోసం పెద్ద బండి తీస్తే మిగిలిన తొంబై సార్లు ఖాళీ తొట్టిని మోస్తూ డీజిలు తగలేస్తుంది.

తెరిచిన తొట్టా, మూసిన బండా

మన పక్క ఐప్పసి, కార్తీక నెలల వాన ఎట్లా ఉంటుందో తెలుసు కదా. నూలు తడిస్తే రంగు పోతుంది, నేసిన లుంగీ, తువాలు తడిస్తే అంగడివాడు వాపసు చేస్తాడు. నేసిన బట్ట, కుట్టిన బట్ట, మందులు, కిరాణా పెట్టెలు తోలేవాళ్ళకు మూసిన బండి మేలు. తాళం వేసుకోవచ్చు, వాన రాదు. దాంట్లో లోడు తక్కువ, అర టన్ను దరిదాపు అనుకోవాలి. పొడవైన పైపులు, మగ్గం సామాను, ఇటుక, కూరగాయల గంపలు తోలేవాళ్ళకు తెరిచిన తొట్టి కావాలి. మూడు పక్కలా తలుపులు దిగే తొట్టి అయితే హమాలీలకు సులువు. తెరిచిన బండి తీస్తే మంచి పట్ట కూడా అదే రోజు కొనండి. ఏనుగును కొని అంకుశానికి బేరమాడే పని వద్దు.

డీజిలా, పెట్రోలా, గ్యాసా, కరెంటా

దీనికి ఒకటే జవాబు లేదు. రోజూ ఎంత దూరం తిరుగుతారో దాన్నిబట్టి జవాబు మారుతుంది.

రోజూ నూరు కిలోమీటర్లు దాటి, బరువు లోడుతో, తిరుత్తణి పక్క కొండ దారుల్లో తిరిగేవాళ్ళకు డీజిలు లాగుడు బాగుంటుంది. ఊర్లోనే ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు పెట్రోలు బండి చాలు. కొనే ధర తక్కువ, శబ్దం తక్కువ, రిపేరు సులువు. గ్యాసు బండి, అంటే సి.ఎన్.జి., కిలోమీటరు ఖర్చు తగ్గిస్తుంది. అయితే గ్యాసు ట్యాంకు బరువు మన లోడులో నుంచే పోతుంది. మారుతి సూపర్ క్యారీలో పెట్రోలుకు 740 కిలోల లోడు అయితే గ్యాసుకు 625 కిలోలు అని కంపెనీ లెక్క. ఇంకోటి, మీరు రోజూ పోయే దారిలో గ్యాసు బంకు ఉందా, అక్కడ ఎంతసేపు వరసలో నిలబడాలి అనేది ముందే పోయి చూడండి. వరసలో పోయే గంట కూడా ఖర్చే.

కరెంటు బండ్లు కూడా వచ్చినాయి. టాటా ఏస్ ఈవీ 2022లో వచ్చింది. ఒక ఛార్జికి 154 కిలోమీటర్లు అని కంపెనీ చెప్పింది. నిండు లోడుతో, ఎండలో అంత రాదనుకునే లెక్క వేసుకోవాలి. ఒకే అంగడికి, ఒకే దారిలో, రాత్రి ఇంటికి వచ్చి ఛార్జి పెట్టుకునే పనికి అది బాగుంటుంది. ఈ రోజు కోయంబేడు, రేపు నగరి అని తిరిగేవాడికి ఇప్పుడే వద్దు.

ఏది తీసినా, సర్వీసు చేసే చోటు తిరువళ్ళూరులోనో అరక్కోణంలోనో ఉందా చూడండి. చిన్న పార్టు కోసం బండి నాలుగు రోజులు నిలిచిపోతే కంతు నిలిచిపోదు.

ఇంటి లెక్క

ఇక అసలు సంగతి. నాలుగు లక్షల అప్పు అనుకుందాము. ఏడాదికి 11 శాతం తగ్గే వడ్డీ, నాలుగు ఏండ్లు అయితే నెల కంతు సుమారు 10,340 రూపాయలు. అయిదు ఏండ్లు అయితే సుమారు 8,700. కంతు తగ్గింది కదా అని సంతోషపడతాము. మొత్తం కట్టేది చూస్తే అయిదు ఏండ్లకు పాతిక వేలు పైన ఎక్కువ.

ఇంకో మాయ ఉంది. కొందరు "8 శాతమే అన్నా, ఫ్లాటు వడ్డీ" అంటారు. ఫ్లాటు అంటే మీరు అసలు తీర్చతా వచ్చినా వడ్డీ మాత్రం మొదటి నాలుగు లక్షల మీదే వేస్తారు. నాలుగు ఏండ్లకు వడ్డీ 1,28,000. కంతు నెలకు 11,000. అంటే 8 శాతం ఫ్లాటు కంటే 11 శాతం తగ్గే వడ్డీయే చవక! సంతకం పెట్టేముందు అడగాల్సిన మాట ఒకటే: "తగ్గే వడ్డీ ఎంత, మొత్తం కట్టేది ఎంత? కాగితం మీద రాసియ్యండి." గవర్నమెంటు బ్యాంకుల్లో ముద్రా లోను కింద లోడు బండ్లకు కూడా అప్పు ఇస్తారు. అది మొదట అడిగి చూడండి.

ఇప్పుడు రోజు లెక్క. కంతు 10,340. ఇన్సూరెన్సు, ట్యాక్సు, ఎఫ్.సి. నెలకు పంచితే 2,500 అనుకుందాము. తోలే పిల్లవాడి కూలి 15,000. అది మన పిల్లవాడే అయినా లెక్కలో వేయాలి, వాడు ఇంకో చోట పని చేస్తే సంపాదించేవాడే కదా. మొత్తం 27,840. నెలకు 24 రోజులు పని దొరికితే రోజుకు 1,160 రూపాయలు. ఇది బండి కదలకముందు ఖర్చు. డీజిలు లీటరు 92 రూపాయలు, లీటరుకు 16 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 5 రూపాయల 75 పైసలు. టైర్లకు, ఆయిలుకు ఒకటిన్నర. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే 435 రూపాయలు. అన్నీ కలిపితే రోజుకు దగ్గర దగ్గర 1,600 రావాలి. అంతకు తక్కువ వస్తే బండి మన పి.ఎఫ్. తింటా ఉందని అర్థం.

ఈ అంకెలు లెక్క చూపడానికి వేసినవి. మీ అంకెలు మీరు వేసుకోండి. రెండు విషయాలు మాత్రం వదలకండి. ఒకటి, తిరుగు ప్రయాణం. కోయంబేడుకు పోను 45 కిలోమీటర్లు అయితే ఖాళీగా రాను కూడా 45 కిలోమీటర్లే. బాడుగ 90కి మాట్లాడాలి. రెండు, ఆడి నెల. దీపావళి, పొంగలుకు ముందు బండికి నిద్ర ఉండదు. ఆడి నెలలో, మగ్గాలు నిలిచినప్పుడు బండి చెట్టు కింద ఉంటుంది. అందుకే మూడు నెలల కంతు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో బండికి కట్టండి. సెటిల్‌మెంటు డబ్బు మొత్తం ముందే కట్టేసి చేతులు ఖాళీ చేసుకోకండి.

కాగితాలు, మనుషులు

పిల్లవాడికి కారు లైసెన్సు ఉంటే చాలు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు లోడు బండికి వేరే లైసెన్సు అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు పెద్ద బెంచి తీర్పు చెప్పింది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిటు కూడా అక్కర్లేదు. కుట్టి యానై జాతి బండ్లు చాలావరకు ఆ లోపే. నగరి పక్క బార్డరు దాటి రోజూ తోలేవాళ్ళు ట్యాక్సు సంగతి ఆర్.టి.ఓ. ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి.

ఎఫ్.సి. కొత్త బండికి రెండు ఏండ్లు. ఎనిమిది ఏండ్ల దాకా రెండేండ్లకు ఒకసారి, తరవాత ఏటేటా. పాత బండి కొనేవాళ్ళు దీన్ని గట్టిగా పట్టుకోవాలి. ధర తక్కువ అని ఎనిమిది ఏండ్లు దాటిన బండి తీస్తే ఏటా ఎఫ్.సి.కి టింకరింగు, పెయింటింగు ఖర్చు ఉంటుంది. ఆర్.సి.లో ఫైనాన్సు పేరు ఉందా, జరిమానాలు బాకీ ఉన్నాయా అని పరివాహన్‌లో చూడండి. ఫారం 29, 30 సంతకాలు తీసుకోండి. ముప్పై రోజుల్లో పేరు మార్చుకోండి. అప్పు తీరినాక ఎన్.ఓ.సి., ఫారం 35 తీసుకుని ఫైనాన్సు పేరు కొట్టించుకోవడం మరవకండి.

తెల్ల బోర్డు బండిలో బాడుగకు సరుకు తోలకండి. ట్యాక్సు మిగిలిందనుకుంటాము, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు కాదంటారు. బండి ఇన్సూరెన్సు వేరు, లోపలి సరుకు ఇన్సూరెన్సు వేరు అని కూడా తెలుసుకోండి. ఖరీదైన బట్ట తోలేవాళ్ళు రెండోది అడగండి.

చివరగా, ఇది మాత్రం అందరూ చదవాలి. ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు, పెండ్లికి, సావుకు లోడు బండి వెనక మనుషుల్ని ఎక్కించి పోతాము. పిల్లలూ ముసలివాళ్ళూ తొట్టిలో నిలబడి ఉంటారు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్సు కంపెనీ నష్టం ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. ఏదైనా జరిగితే ఆ భారమంతా బండి ఓనరు మీద, అంటే మన పిల్లవాడి మీద పడుతుంది. "మనవాళ్ళే కదా తమ్ముడూ, ఎక్కించుకో" అని అడిగేది మనమే. ఆ మాట మనమే మానుకోవాలి. రైలు ఉంది, బస్సు ఉంది.

బండి కొనే ఇంట్లో తల్లి, తండ్రి, తోలే పిల్లవాడు, పెండ్లయి ఉంటే కోడలు, అందరూ కూర్చుని ఈ లెక్క ఒక కాగితం మీద వేయండి. బరువు ఎంత, దూరం ఎంత, కంతు ఎంత, పని లేని నెలలో ఏం చేస్తాము. నాలుగింటికీ జవాబు రాసినాక షోరూంకు పోండి. మీ సరుకును నాలుగు మూటలైనా తొట్టిలో పెట్టి, మీ వీధిలోనే తోలి చూపమని అడగండి. చూపని వాళ్ళ దగ్గర కొనకండి. లెక్క కుదరకపోతే ఒక ఏడాది బాడుగ బండి తోలనివ్వండి. పిల్లవాడికి దారులు తెలుస్తాయి, సేట్లు తెలుస్తారు, మన డబ్బు బ్యాంకులోనే ఉంటుంది.